సబ్‌జైలుకు డబ్బొక్కటే చాలదు

సబ్‌జైళ్లలో ఇరుకు తగ్గాలంటే ప్రభుత్వం నిధులు పెంచాలని మీ పత్రిక వ్యాసంలో రాశారు. సగమే ఒప్పుకుంటాను. జైళ్లు రాజ్యాంగంలో రాష్ట్రాల జాబితాలోవి కాబట్టి గదులు, సిబ్బంది, తిండి ఖర్చు రాష్ట్రమే చూసుకోవాలి, నిజమే. కానీ దేశంలో జైళ్లలో ఉన్న ప్రతి నలుగురిలో దాదాపు ముగ్గురు విచారణ ఖైదీలే, అంటే కేసు ఇంకా తేలనివాళ్లే. బెయిల్ వచ్చినా పూచీకత్తు కట్టలేక లోపలే ఉండిపోయేవాళ్లూ వాళ్లలో ఉన్నారు. వాళ్ల కోసం కొత్త బ్యారక్ కట్టడం ఎందుకండీ?

2023లో కేంద్రం పేద ఖైదీల కోసం ఒక పథకం తెచ్చింది. అప్పట్లో విచారణ ఖైదీకి బెయిల్ పూచీకత్తు కోసం 40,000 రూపాయల దాకా సాయం అన్నారు. బెయిల్ ఉత్తర్వు వచ్చి 7 రోజులైనా మనిషి బయటకు రాకపోతే జైలు అధికారి జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు (పేదలకు ఉచిత న్యాయ సాయం అందించే సంస్థకు) చెప్పాలి. మన చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో ఇది ఎందరికి అందిందో ఎవరైనా విలేకరి సమాచార హక్కు కింద అడిగితే బాగుంటుంది.

ఇక పర్యవేక్షణ. జడ్జీలు, అధికారులు జైలుకు వెళ్లి చూసే ఏర్పాటు ఎప్పటినుంచో ఉంది. ముందే కబురు పెట్టి వెళ్తే ఆ రోజు సాంబారు చిక్కగానే ఉంటుంది లెండి. ఆ తనిఖీ నివేదికలు జిల్లా వెబ్‌సైట్‌లో పెట్టాలని తర్వాతి వ్యాసంలో గట్టిగా రాయండి.