కణం చావకపోతే నష్టం లేనట్టేనా?

వాట్సాప్‌లో ఒక సందేశం తెగ తిరుగుతోంది: "మందు నరాల కణం లోపలికి పోదు, పైపొరను మత్తెక్కిస్తుందంతే. తెల్లారేసరికి దిగిపోతుంది. అలవాటున్నవాడికి అదీ ఉండదు. తాగితే మెదడు కణాలు చస్తాయన్నది అబద్ధమని శాస్త్రవేత్తలే తేల్చారు."

చివరి మాటలో కొంత నిజముంది. మిగతావన్నీ జనం నమ్ముతున్నది దాన్ని చూసే. ఏళ్ల తరబడి తాగినవారి మెదళ్లలో కణాలను డెన్మార్క్ పరిశోధకులు లెక్కపెట్టి, 1993లో ఆ వివరాలు ప్రచురించారు. మెదడు పైపొర అయిన కార్టెక్స్‌లో కణాల సంఖ్య చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు. కానీ కణాలను కలిపే తీగల్లాంటి తెల్ల పదార్థం తగ్గిందని ఆ పరిశోధనలోనే తేలింది. సందేశం రాసినవారు ఈ సగం మింగేశారు.

లోపలికి పోదన్నది శుద్ధ తప్పు. మందులో మత్తెక్కించే ఇథనాల్ చాలా చిన్న అణువు, కణం పొరను ఇట్టే దాటేస్తుంది. అంతేకాదు, కాలేయంలో అది విరిగితే వచ్చే అసిటేట్ కూడా మెదడుకు చేరుతుంది. అక్కడ నరాల కణం కేంద్రకంలో, డీఎన్ఏ చుట్టుకుని ఉండే హిస్టోన్లనే ప్రోటీన్ల మీద ఆ అసిటేట్ గుర్తులుగా అతుక్కుంటుందని 2019లో ఎలుకల్లో చూపించారు. ఏ జన్యువు పనిచేయాలో తేల్చడంలో ఆ గుర్తులకూ పాత్ర ఉంది. ఇంతకంటే లోపల ఇంకేముంటుంది?

ఇక అలవాటు సంగతి. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఈ మాటే. మెదడులోని రెండు రసాయనాల్లో, నరాల కణానికి గాబా బ్రేకు, గ్లూటమేట్ యాక్సిలరేటర్. మందు బ్రేకును నొక్కి, యాక్సిలరేటర్‌ను అణచిపెడుతుంది. గ్లూటమేట్‌ను అందుకునే ఎన్ఎండీఏ గ్రాహకాల గుండా కాల్షియం కణంలోకి వస్తేనే కొత్త జ్ఞాపకం నిలుస్తుంది. బాగా తాగిన రాత్రి ఏం జరిగిందో పొద్దున గుర్తుండకపోవడానికి ఇదొక కారణం. రోజూ ఇదే జరుగుతుంటే కణం ఎదురు తిరుగుతుంది: ఎన్ఎండీఏ గ్రాహకాలను పెంచుకుంటుంది, గాబా గ్రాహకాల తీరు మార్చుకుంటుంది. "నాకు ఎక్కదు" అని గొప్పగా చెప్పుకునేవాడి మెదడులో జరిగింది ఇదే.

అలాంటివాడు ఒక్కసారిగా మానేస్తే బ్రేకు వదులై, యాక్సిలరేటర్ తొక్కినట్టే ఉండిపోతుంది. మా బంధువు ఒకాయన మానేసిన రెండో రోజు గ్లాసును రెండు చేతులతో పట్టుకున్నా నీళ్లు పెదవి దాకా రాలేదు, సగం చొక్కా మీదే ఒలికిపోయాయి. ఇంట్లోవాళ్లు నీరసమనుకున్నారు. సాధారణంగా మొదటి రెండు రోజుల్లో మూర్ఛలు రావచ్చు, రెండు మూడు రోజులకు సంధి ప్రేలాపన మొదలై ప్రాణాల మీదికి రావచ్చు. రోజూ ఎక్కువగా తాగేవాళ్లు దయచేసి డాక్టరును అడిగాకే మానండి.

తెల్లారేసరికి దిగిపోయేది రక్తంలోని మందు మాత్రమే. కణం చేసుకున్న మార్పులకు అంత తొందర లేదు. మానేశాక కుంచించుకుపోయిన మెదడు కొంతవరకు కోలుకుంటుంది, కానీ అందుకు వారాలు, నెలలు పడుతుంది.