నడుం ముప్పై ఆరు, మోకాలు ఎల్ సైజు

మోకాలు మెలితిరిగితే ముందు దెబ్బ ఏమిటో తెలుసుకోవాలి, ఆ తర్వాతే దానికి తగ్గ బెల్టు కొనాలి అని బయట ఎక్కడో ఒక మూఢనమ్మకం ఉందట. మా పర్లాకిమిడిలో అలాంటివి పెట్టుకోం. ఇక్కడ ముందు బెల్టు వస్తుంది. దెబ్బ ఏదైనా సరే, వచ్చి దానికి సర్దుకుపోవాలి.

నా సంగతే చూడండి. కనుమ నాడు పెళ్లయినవాళ్లకీ కానివాళ్లకీ క్రికెట్టు. రెండో పరుగుకి సగం దూరం పోయాక అవతలివాడు 'వద్దు వద్దు' అని అరిచాడు. కుడిపాదం నేలలో పాతేసినట్టు ఆపి, ఒంటిని మాత్రం గిర్రున వెనక్కి తిప్పాను. ఒళ్లు తిరిగింది, పాదం తిరగలేదు. మధ్యలో ఉన్న మోకాలు 'టప్' అంది. పైనుంచి ఒకరు, కిందనుంచి ఒకరు లాగితే మధ్యలో ఉన్నదాని గతేమిటో మా ఊరికి చెప్పక్కర్లేదు, 1936 ఏప్రిల్ 1న జమీందారీలో కొంత ఒడిశాకి పోయి మిగతాది మద్రాసు వైపు ఉండిపోయినప్పటి నుంచీ తెలుసు. సాయంత్రానికి మోకాలు కొబ్బరిబోండాంలా అయింది.

రాత్రి పాతపట్నం నుంచి మామయ్య దిగాడు.

"ఏటయిందిరా? నడుస్తున్నావు గదా?"

"గోడ పట్టుకుని నడుస్తున్నాను మామయ్యా."

"మరింకేటి! లిగమెంటు తెగితే నడుస్తారేటి ఎవరైనా?"

నడుస్తారు. ఎముకని ఎముకకి కట్టి ఉంచే ఆ పట్టీ తెగినా కొన్నాళ్లకి వాపు తగ్గి మామూలుగానే నడుస్తారు, మెట్లు దిగుతుంటేనో పక్కకి తిరిగితేనో మోకాలు జారిపోయినప్పుడు గుర్తొస్తుంది. కానీ మామయ్య ముందు అంత మాట అనేదెవరు? మర్నాడు ఎక్స్‌రే తీయించాం. ఎముక బాగుంది. ఎక్స్‌రేలో లిగమెంటు కనపడదు కదా అన్నాను. కనపడనిదానికి అంత టెన్షనెందుకన్నాడాయన.

ఇక మందుల షాపు. వాడుకభాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు కాబట్టి ఇక్కడ వాడుకమాటదే పెత్తనం. మోకాలికి చుట్టేది ఏదైనా బెల్టే. సాగే గుడ్డతొడుగు బెల్టే, పక్కల ఇనపకీళ్లున్నది బెల్టే, తొడనుంచి పిక్కదాకా కాలిని కర్రలా బిగించేదీ బెల్టే. ఒకటి వెచ్చదనానికి, ఒకటి మోకాలు పక్కలకి ఒరగకుండా, ఒకటి అసలు వంగకుండా. మూడింటి పనీ వేరు. అంత చీలిక మన భాషకి అనవసరం అని కాబోలు, షాపాయన ఒకే ప్రశ్న అడిగాడు.

"నడుం ఎంతండీ?"

"ముప్పై ఆరు."

"అయితే ఎల్."

డబ్బా వెనక బొమ్మ ఉంది. మోకాటిచిప్పకి ఇన్ని అంగుళాల పైన తొడ చుట్టూ టేపు పెట్టి కొలవండి అని, పక్కనే పట్టిక. ఆ బొమ్మలో మనిషి ప్యాంటు లేకుండా ఉన్నాడు కాబట్టి మర్యాదస్తులెవరూ అటు చూడరనుకుంటాను. మూడొందల యాభై ఇచ్చి, వాపు మీదికి ఆ గుడ్డతొడుగుని లాక్కుంటూ ఎక్కించాను. గంటకి పాదం చల్లబడి వేళ్లు ఉబ్బాయి. 'పట్టు బాగా ఉంది' అని షాపాయన మెచ్చుకున్నాడు.

రెండోది బావ తెచ్చాడు, వాళ్లమ్మగారి ఆపరేషన్ అప్పుడు కొన్న పొడుగు బెల్టు, లోపల రేకులతో. "కదిపితేనే కదా బావా నొప్పి? కదపకు." పన్నెండు రోజులు కదపలేదు. పదమూడో రోజు విప్పి చూస్తే ఎడమతొడ నాదీ, కుడితొడ మా అబ్బాయిదీ లాగా ఉన్నాయి. కాలు వాడకపోతే ముందు కరిగేది తొడకండే. మోకాలిని నిలబెట్టేదీ అదే. బావ మాత్రం "సన్నబడ్డావ్, మంచిదే" అన్నాడు.

మూడోది నేనే ఫోన్లో తెప్పించాను. బొమ్మలో ఒక ఆటగాడు గాల్లో ఎగురుతున్నాడు. పక్కల ఇనపకీళ్లు సరిగ్గా చిప్ప నడిమికి రావాలి, అప్పుడే మోకాలు ఎక్కడ వంగితే అదీ అక్కడ వంగుతుంది. నాది మళ్లీ ఎల్ కదా, నాలుగడుగులకి జారి పిక్క మీద కూర్చుంది. మోకాలు ఒకచోట వంగితే బెల్టు ఇంకోచోట వంగింది. దూరం నుంచి చూసేవాళ్లకి నాకు ఒక్క కాలికే రెండు మోకాళ్లు.

చివరికి బరంపురం వెళ్లాం. డాక్టరు ఒడియా ఆయన. కాలిని వాళ్లు గొడొ అంటారు, నెల నుంచి గోడే కాలుగా బతుకుతున్నాను కాబట్టి నాకు తేడా తెలియలేదు. ఆయన మోకాలిని కొంచెం వంచి, ఒక చేత్తో తొడ పట్టుకుని రెండో చేత్తో కాలిని ముందుకి లాగాడు. తర్వాత బాగున్న కాలిని అలాగే లాగాడు. రెండూ పోల్చి చూశాడు. ఇంత చిన్న పని ఇంతవరకూ ఎవరికీ తట్టలేదు.

"లోపలివైపు లిగమెంటు సాగింది. దానికి కీళ్లబెల్టు కొన్నాళ్లు పెడితే మానుతుంది. కానీ మోకాలి నడుమ ఏటవాలుగా ఉండే ముందరి లిగమెంటు తెగిందని అనుమానం. ఎమ్మారై చూసి మాట్లాడదాం. దాన్ని గుడ్డతొడుగు పట్టి ఉంచలేదు, తొడ వ్యాయామం మాత్రం ఇవాళే మొదలుపెట్టండి."

మామయ్య నా చెవిలో అన్నాడు, "అనుమానమట! ఇంత చదివీ అనుమానమే. నేను చూడు, మొదటిరోజే చెప్పీసేను."

డాక్టరు టేపు తీసి నా తొడ కొలిపించాడు. ఎమ్.

ఇప్పుడు గుడ్డతొడుగు మా అమ్మ మోచేతికి ఉంది. ఫోన్లో తెప్పించినదాన్ని 'ఒకసారి వాడినది' అని బావకే అంటగట్టాను. పొడుగుదాన్ని మాత్రం పెరట్లో ఒరిగిపోతున్న బొప్పాయి మొక్కకి చుట్టి మూడు పట్టీలూ బిగించాను. కొలవకుండానే సరిపోయింది.