స్కైహాక్ బరువు తగ్గించుకుంది, మనం ఇంజిన్ మర్చిపోయాం

అణుబాంబు మోసుకెళ్లే జెట్ దాడి విమానం కావాలి, 30 వేల పౌండ్ల దాకా బరువున్నా పర్వాలేదంది అమెరికా నేవీ. అందులో సగం బరువుతోనే చేసిస్తానన్నాడు డగ్లస్ కంపెనీ డిజైనర్ ఎడ్ హైనిమన్. అన్నంత పనీ చేశాడు. 1954 జూన్ 22న తొలిసారి ఎగిరిన ఆ ఏ-4 స్కైహాక్‌ని 1979 దాకా 2,960 తయారు చేశారు.

నన్నడిగితే దాని గొప్పతనమంతా రెక్కలోనే ఉంది. విమానవాహక నౌక మీద చోటు తక్కువ, అందుకే అక్కడి విమానాలకు రెక్కలు మడిచే ఏర్పాటు పెడతారు. మడవాలంటే కీళ్లు, తాళాలు, హైడ్రాలిక్ గొట్టాలు. ఆ బరువు మోయడానికి పెద్ద ఇంజిన్, దానికి ఇంకాస్త ఇంధనం. హైనిమన్ రెక్కనే 27.5 అడుగులకు కుదించాడు. ఇక మడిచే పనేముంది? చక్రాలు ముందుకు ముడుచుకునేలా పెట్టాడు. హైడ్రాలిక్స్ చచ్చిపోయినా సొంత బరువుకీ ఎదురుగాలికీ అవే కిందికి దిగి లాక్ అవుతాయి.

రాత్రిపూట, వానలో అది గుడ్డిదేనని విమర్శ. నిజమే, ఆ పనికి ఏ-6 ఇంట్రూడర్ రావాల్సొచ్చింది. కానీ అన్ని పనులూ ఒకే విమానం నెత్తిన రుద్దకపోవడమే అసలు తెలివి. బ్రిటన్ వాళ్ల కాన్‌బెరా బాంబర్‌దీ అదే దారి, ఆత్మరక్షణకు ఒక్క తుపాకీ కూడా లేదు. ఎత్తునీ వేగాన్నీ నమ్ముకుంది. మన వాయుసేనలో 1957 నుంచి 2007 దాకా నడిచింది.

మరి మనం? జర్మన్ డిజైనర్ కర్ట్ ట్యాంక్ మనకోసం గీసిన మారుత్ యుద్ధవిమానం 1961లో ఎగిరింది. ఆకారం చూస్తే ధ్వనికి రెట్టింపు వేగంతో పోయేలా ఉంటుంది. అనుకున్న ఆర్ఫియస్ 12 ఇంజిన్ అభివృద్ధికి బ్రిటన్ డబ్బడిగితే మనవాళ్లు ఇవ్వలేదు. చివరికి ఒక్కోటీ 4,850 పౌండ్ల థ్రస్ట్ (ముందుకు నెట్టే బలం) ఇచ్చే ఆర్ఫియస్ 703లతోనే సరిపెట్టుకున్నారు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం! ఆ ఇంజిన్లతోనే 1971 యుద్ధంలో పోరాడిన పైలట్లకు దండం పెట్టాలి, ఫైళ్లు నడిపినవాళ్లకు కాదు.

తేజస్‌కూ మన సొంత కావేరీ ఇంజిన్ వస్తుందన్నారు. 2001లో తేజస్ ఎగిరింది మాత్రం అమెరికా కంపెనీ జీఈ ఇంజిన్ ఎఫ్404తో. 2025 ఏరో ఇండియా విమాన ప్రదర్శనలో మన రాబోయే స్టెల్త్ (రాడార్‌కు సులువుగా చిక్కని) యుద్ధవిమానం ఆమ్కా నిలువెత్తు నమూనా పెట్టారు. దాని తొలి విమానాలకు అనుకుంటున్న ఇంజిన్ ఎఫ్414. అదీ జీఈదే.