సవరణ: మిసెస్ బెన్నెట్ కొట్టమన్నది చేతిగంట కాదు

నవలల్లో పనివాళ్లను ఎలా పిలుస్తారో పోయిన వారం రాశాను కదా. అందులో జేన్ ఆస్టెన్ ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ (1813) ప్రస్తావన ఉంది. ఇంటి పనులు చూసుకునే హిల్‌తో మాట్లాడాలి, గంట కొట్టమని మిసెస్ బెన్నెట్ కూతురు లిడియాకు చెప్పే చోట, అది మన పూజగదిలో ఉండేలాంటి చేతిగంట అన్నాను. తప్పు రాశాను.

తిరుపతిలో ఇంగ్లీషు పాఠాలు చెప్పే స్నేహితురాలు వివరణలున్న ప్రతి, ఆ కాలపు ఇళ్ల మీద ఒక పుస్తకం చూపించింది. అప్పటి కలవారి ఇళ్లలో గోడకు ఒక తాడో పిడో ఉండేది. దాన్ని లాగితే గోడ వెంబడి పోయే తీగ కదిలి, ఎక్కడో పనివాళ్లుండే వైపు గంట మోగేది. గదికో గంట. చుట్టల స్ప్రింగుకు వేలాడేది కాబట్టి మోత ఆగినా కాసేపు ఊగుతూనే ఉండేది. పనిమనిషి తలెత్తి, ఏది ఊగుతోందో చూసి ఆ గదికి పోయేది.

ఇది చిన్న తేడా కాదు. చిత్తూరు దగ్గర మా తాత వసారాలోంచి ‘ఒరే’ అని కేకేస్తే, కొట్టం దగ్గర్నుంచి ‘వస్తా ఉండా సామీ’ అని బదులొచ్చేది. తీగకు అట్లా బదులు చెప్పడానికి లేదు. హిల్ పక్కగదిలోనే కాచుకొని ఉందని నేను రాసిన వాక్యం కూడా తీసేశాను.