బాలింత నడికట్టు: బిగింపుకు కొలత ఊపిరే కావాలి

ప్రసవమైన ఇంట్లో బాలింత నడుముకు గుడ్డ కట్టడం మనకు తరతరాలుగా వస్తున్న ఆచారం. పురుడు పోయడానికి ఇండియా నుంచి అమెరికాకు వచ్చే అమ్మల, అత్తగార్ల పెట్టెల్లో కాయం, సొంఠి, కారప్పొడులతో పాటు ఉతికి ఉతికి మెత్తబడిన నేత చీర ఒకటి ఇప్పటికీ కనిపిస్తుంది. చీర లేనిచోట మందుల షాపులో కొన్న వెల్క్రో బెల్టు ఉంటుంది. అమెరికాలో ఫిజియోథెరపిస్టుగా బాలింతలకు చికిత్స చేస్తున్న నేను ఆ కట్టును మానేయమని చెప్పబోవడం లేదు. కట్టు ఎక్కడ కట్టాలి, ఎంత బిగించాలి, ఎప్పుడు విప్పాలి అని నిర్ణయించడానికి మన ఇళ్లలో వాడుతున్న కొలత మాత్రం మారాలని గట్టిగా నమ్ముతున్నాను. పొట్ట ఎంత లోపలికి పోయిందని చూసే అలవాటు మాని, ఊపిరి ఎంత సులువుగా ఆడుతున్నదని చూడాలి.

ఈ ఆచారానికి పునాది లేకపోలేదు. ప్రసవించిన స్త్రీకి నెయ్యి, నూనె మర్దన చేసి, పొట్టకు పెద్ద శుభ్రమైన వస్త్రం చుట్టాలని, అలా చుడితే చోటు దొరకక వాయువు ఉదరంలో వికారం కలిగించదని చరక సంహిత శారీరస్థానం ఎనిమిదో అధ్యాయంలో ఉంది. “కట్టు లేకపోతే పొట్టలో గాలి చేరుతుందే తల్లీ” అని మన అమ్మమ్మలు అనే మాట అంత పాతది. జపాన్, మలేసియా, మెక్సికో దేశాల స్త్రీలకు కూడా ఇలాంటి కట్లు ఉన్నాయి. తొమ్మిది నెలలు సాగిన పొట్ట గోడ ఒక్కసారిగా వదులైపోయి, లేచి నిలబడితే లోపలిదంతా కిందికి జారిపోతున్నట్టు అనిపించడం, నడుముకు పట్టు లేకపోవడం ప్రతి బాలింతకూ తెలిసిన బాధలే కాబట్టి, ఆ రోజుల్లో ఒక గుడ్డ ఇచ్చే ఆసరాను తేలికగా తీసిపారేయకూడదు.

అయితే ఆ గుడ్డ కింద ఊపిరి ఎలా నడుస్తుందో కూడా తెలియాలి. ఛాతీకీ పొట్టకూ మధ్య గొడుగులా పరుచుకున్న డయాఫ్రం అనే కండరం గర్భం పెరిగే కొద్దీ సుమారు 4 సెంటీమీటర్లు పైకి జరుగుతుంది. ఆ లోటును పూడ్చడానికి దిగువ పక్కటెముకలు విచ్చుకుని, ఛాతీ చుట్టుకొలత 5 నుంచి 7 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. బిడ్డ బయటపడగానే డయాఫ్రం కిందికి దిగడానికి మళ్లీ చోటు దొరుకుతుంది గాని, విచ్చుకున్న పక్కటెముకలు సర్దుకోవడానికి నెలలు పడుతుంది. ఊపిరి పీల్చినప్పుడల్లా డయాఫ్రం కిందికి దిగుతుంది. ఊరకే కూర్చున్నప్పుడు ఆ కదలిక ఒకటి రెండు సెంటీమీటర్లకు మించకపోయినా, దానికి చోటివ్వడానికి పొట్ట కాస్త ముందుకు రావాలి, దిగువ పక్కటెముకలు పక్కలకు తెరుచుకోవాలి, మూత్రాశయాన్నీ గర్భాశయాన్నీ కింద నుంచి మోసే కటి కండరాలు కొద్దిగా సాగాలి. ఊపిరి వదిలినప్పుడు ఇవన్నీ కలిసి వెనక్కి వస్తాయి. ప్రసవంలో సాగి అలిసిపోయిన పొట్ట కండరాలకూ కటి కండరాలకూ రోజంతా అందే మొదటి వ్యాయామం ఈ ఊపిరే.

నా దగ్గరికి వచ్చే బాలింతల్లో చాలామందికి బెల్టు పై అంచు సరిగ్గా రొమ్ముల కింద ఉంటుంది. విప్పి చూస్తే దిగువ పక్కటెముకల మీద ఎర్రటి గీత అచ్చు పడి ఉంటుంది. నిండుగా ఊపిరి తీసుకోమంటే భుజాలు పైకి లేస్తాయి, మెడ కండరాలు తాళ్లలా బిగుసుకుంటాయి, పక్కలు మాత్రం కదలవు. పక్కలకు తెరుచుకోలేని ఊపిరి పైఛాతీలోనే ఆడుతుంది. రాత్రింబవళ్లు వంగి కూర్చుని పాలివ్వడం దానికి తోడై మెడ, భుజాలు పట్టేస్తాయి. ఇక పొట్ట ముందుకు రాలేకపోతే లోపలి ఒత్తిడి ఊరికే పోదు. కొంత పైకి పోయి తిన్నది గొంతులోకి వచ్చి మండుతుంది, కొంత కిందికి పోయి ఇంకా మానని కటి కండరాల మీద పడుతుంది. తుమ్మితే, దగ్గితే మూత్రం జారుతోందని సిగ్గుపడుతూ చెప్పేవారిని నేను మొదట అడిగేది బెల్టు ఎంత బిగించి కడుతున్నారనే.

సిజేరియన్ అయినవారి సంగతి వేరు. కుట్ల నొప్పికి భయపడి వారు పైపై ఊపిరే తీస్తారు, దగ్గును ఆపుకుంటారు. అలా రోజులు గడిస్తే ఊపిరితిత్తుల అడుగు భాగాలు సరిగా తెరుచుకోవు. ఆసుపత్రిలో మూడు బంతుల స్పైరోమీటర్ చేతికిచ్చి పీల్చమనేది అందుకే. మొదటి రోజుల్లో సాగే గుణమున్న బెల్టు కట్టినందువల్ల నొప్పి తగ్గి, లేచి నడవడం సులువైందని కొన్ని అధ్యయనాలు చెప్పాయి. తేడా ఏమీ లేదన్నవీ ఉన్నాయి. నా అనుభవంలో అది చాలామందికి ధైర్యం ఇస్తుంది, ఆ ధైర్యంతో వారు దగ్గగలుగుతారు, నడవగలుగుతారు. వెన్నుపాము దెబ్బతిని పొట్ట కండరాలు చచ్చుబడినవారిని బెల్టు కట్టి కూర్చోబెడితే ఊపిరి మెరుగవుతుందని కూడా వైద్యులకు తెలుసు. పట్టులేని పొట్టతో పాటు కిందికి జారిన డయాఫ్రంను బెల్టు మళ్లీ పైకి నిలబెడుతుంది. కాని బాలింత కండరాలు సాగాయే గాని చచ్చుబడలేదు. వాటికి కావలసింది కొద్ది రోజుల ఆసరా, ఆపైన పని.

ఆసరా కోసం పుట్టిన కట్టు పొట్ట తగ్గించే సాధనంగా మారిపోవడమే నన్ను బాధిస్తున్నది. చేత్తో చుట్టిన చీర కాసేపటికి వదులవుతుంది, అన్నానికి కూర్చున్నప్పుడు సడలించుకోవచ్చు, మళ్లీ చుట్టుకోవచ్చు. ప్లాస్టిక్ బద్దలు కుట్టి, నడుము సన్నబడుతుందని ఆశపెట్టి అమ్మే బెల్టు అలా వదులు కాదు. గర్భాశయం కుంచించుకుపోవడానికి బెల్టు అక్కరలేదు. బిడ్డకు పాలిచ్చేటప్పుడు ఊరే ఆక్సిటోసిన్ అనే హార్మోన్ ఆ పని చేస్తుంది, ప్రసవం నాడు కిలో బరువుండే గర్భాశయం ఆరు వారాలకు వంద గ్రాముల లోపుకు వస్తుంది. పొట్ట కండరాల నడుమ పడిన ఎడాన్ని కూడా బెల్టు కుట్టివేయదు. 2016లో వెలువడిన ఒక నార్వే అధ్యయనంలో ప్రసవమైన ఆరు వారాలకు నూటికి అరవై మందిలో ఉన్న ఆ ఎడం ఏడాది తిరిగేసరికి మూడో వంతు మందిలోనే మిగిలింది. కాలం చాలావరకు నయం చేస్తుంది, మిగిలినదానికి క్రమంగా నేర్పే వ్యాయామం కావాలి. నెల తిరగకముందే “ఇంకా పొట్ట తగ్గలేదేం?” అని ఫోన్లో అడిగే బంధువులు, ఆ మాటకు బాలింత బెల్టును మరో అంగుళం బిగిస్తుందని గుర్తుంచుకోవాలని కోరుతున్నాను.

కట్టే పద్ధతి కష్టమైనది కాదు. బాలింతను వెల్లకిలా పడుకోబెట్టి, మోకాళ్లు మడిచి, కట్టును తుంటి ఎముకల దగ్గర మొదలుపెట్టి పైకి చుట్టాలి. కింద కొంచెం గట్టిగా, పైకి వెళ్లేకొద్దీ వదులుగా ఉండాలి. పై అంచు దిగువ పక్కటెముకలకు రెండు వేళ్ల కిందనే ఆగిపోవాలి. చుట్టిన తరువాత ఆమె తన రెండు అరచేతులనూ పక్కటెముకల మీద పెట్టుకుని ముక్కుతో ఊపిరి తీసుకుంటే చేతులు పక్కలకు జరగాలి, కట్టులోకి నాలుగు వేళ్లు సులువుగా దూరాలి. కూర్చోబెట్టి ఇంకోసారి చూడాలి, ఎందుకంటే పడుకున్నప్పుడు సరిపోయిన కట్టు కూర్చుంటే పైకి ఎగదన్నుకుని బిగుసుకుంటుంది. “ఇంకా బిగించనా?” అని అడిగే అమ్మ దానికి బదులు “ఊపిరి ఆడుతోందా అమ్మా?” అని అడిగితే చాలు. నిద్రపోయేటప్పుడు, భోజనం చేసేటప్పుడు విప్పేయాలి. సిజేరియన్ అయితే కుట్లు ఆరాయో లేదో రోజూ చూడాలి, బెల్టు మొదలుపెట్టే ముందు డాక్టరును అడగాలి.

ఇంతకంటే ముఖ్యమైన మాట ఒకటుంది. కట్టు విప్పాక కూడా ఆయాసం తగ్గకపోతే అది కట్టు వల్ల వచ్చినదనో, బాలింత నీరసమనో సరిపెట్టుకోకూడదు. ప్రసవమైన మొదటి ఆరు వారాల్లో కాళ్ల రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తులకు చేరే ముప్పు బాగా ఎక్కువగా ఉంటుంది. గుండె కండరం బలహీనపడే జబ్బు ప్రసవమైన ఐదు నెలల దాకా బయటపడవచ్చు. రక్తపోటు కాన్పు తరువాత కూడా ప్రమాదకరంగా పెరగవచ్చు. ఉన్నట్టుండి ఊపిరి అందకపోవడం, ఛాతీ నొప్పి, గుండె దడ, పడుకుంటే ఎగశ్వాస రావడం, ఒక పిక్క వాచి నొప్పి పుట్టడం వంటివి కనిపిస్తే కషాయం కాచుకుంటూ కూర్చోకుండా అత్యవసర నంబరు 911కు ఫోన్ చేసి, ఇటీవలే ప్రసవమైందని మొదటి మాటగా చెప్పాలి. అమెరికాలో 2017 నుంచి 2019 వరకు గర్భధారణకు సంబంధించిన మరణాలను పరిశీలిస్తే, సగానికి పైగా ప్రసవమైన వారం తరువాత ఏడాది లోపు జరిగినవేనని, మొత్తం మీద నూటికి ఎనభైకి పైగా నివారించదగినవేనని తేలింది. బాలింతను మంచం దిగనీయకపోవడం, నీళ్లు తక్కువ తాగించడం రక్తం గడ్డకట్టే ముప్పును పెంచుతాయి కాబట్టి ఆ రెండు కట్టుబాట్లనూ వదులుకోవాలి. తలుపులు బిగించిన అపార్టుమెంటులో బొగ్గుల కుంపటి మీద సాంబ్రాణి వేయడం కూడా మానాలి. ఆ బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు, తల్లీ బిడ్డా ఇద్దరూ దాన్నే పీలుస్తారు.

ఫ్రాన్సులో ప్రసవమైన స్త్రీకి కటి కండరాలను మళ్లీ బలపరిచే వ్యాయామ శిక్షణకు అయ్యే ఖర్చును ప్రభుత్వ ఆరోగ్య బీమా భరిస్తుంది. అమెరికాలో అలాంటి ఏర్పాటు లేదు, అడిగినవారికే అందుతుంది. ప్రసవమైన మూడు వారాల లోపే డాక్టరు పలకరించాలని, పన్నెండు వారాల లోపు పూర్తి పరీక్ష జరగాలని ఇక్కడి ప్రసూతి వైద్యుల సంస్థ (ACOG) 2018లో సూచించింది. ఆ సందర్భంలో మన అమ్మాయిలు ఊపిరి గురించి, మూత్రం జారడం గురించి, కండరాల ఎడం గురించి నోరు తెరిచి అడిగి, ఫిజియోథెరపీకి రెఫరల్ తీసుకోవాలి. ఇక్కడి మన తెలుగు సంఘం కూడా తన వంతు పని చేయాలి. మధుమేహానికి శిబిరాలు పెడుతున్నాం, గుండె ఆగినప్పుడు చేసే సీపీఆర్ నేర్పిస్తున్నాం, బాలింతల కోసం మాత్రం ఒక్క పూట కేటాయించలేదు. ఇండియా నుంచి తల్లిదండ్రులు ఎక్కువగా వచ్చే వేసవి నెలల్లో ఒక శనివారం ఉదయం ఆ పని మొదలుపెట్టాలని సంఘం కార్యవర్గాన్ని కోరుతున్నాను. గర్భిణులతో పాటు వారి అమ్మలనూ అత్తగార్లనూ భర్తలనూ పిలిచి, చీరలూ బెల్టులూ వెంట తెమ్మని చెబితే, ఒక ఫిజియోథెరపిస్టు, ఒక ప్రసూతి వైద్యురాలు దగ్గరుండి కట్టించి, ఊపిరి సరిచూసి, ప్రమాద సూచనలు తెలుగులో అచ్చు వేసిన కాగితం ఇంటికొకటి ఇచ్చి పంపవచ్చు.