క్రమశిక్షణ గల ప్రతిపక్షం

మానవ హక్కుల దినం సందర్భంగా ఒక పాఠశాలలో జరిగిన నమూనా పార్లమెంటుకు న్యాయనిర్ణేతగా వెళ్లి వచ్చాక, ప్రజాస్వామ్యం మీద నాకున్న సందేహాలన్నీ తీరిపోయాయి. ఒక మైకు, ఒక గంట సంపాదిస్తే చాలు. ప్రశ్నలూ జవాబులూ ఉపాధ్యాయులే రాసిస్తారు. ఆ ప్రభుత్వాన్ని ఎవరు ఎన్నుకున్నారని అమాయకంగా అడిగితే, మార్కుల జాబితా ఎన్నుకుందని తెలిసింది. మొదటి ర్యాంకు ప్రధానమంత్రి, రెండో ర్యాంకు స్పీకరు, లెక్కల్లో తప్పినవారంతా ప్రతిపక్షం.

కార్యక్రమ పత్రంలో 11 గంటల 20 నిమిషాల ఎదుట ‘ప్రతిపక్షము ఆగ్రహించును’ అని అచ్చువేశారు. సరిగ్గా ఆ నిమిషానికే అది ఆగ్రహించింది. పొట్టివాళ్లు ముందు, పొడుగువాళ్లు వెనుక వరుసకట్టి, స్పీకరు అనుమతి తీసుకుని, ఎవరి కాలూ తొక్కకుండా వాకౌట్ చేశారు. గుమ్మం దాకా వెళ్లిన ఒక కుర్రవాడు పరుగున వెనక్కి వచ్చి, బల్ల మీద మరిచిపోయిన తన ఆగ్రహాన్ని, అంటే అట్టముక్క మీద రాసిన నినాదాన్ని, చంకలో పెట్టుకుని మళ్లీ బయటికి నడిచాడు. 11.22కు అందరూ తిరిగి వచ్చి, ప్రభుత్వ సమాధానం తమకు పూర్తి సంతృప్తినిచ్చిందని ముక్తకంఠంతో ప్రకటించారు. ఆ సమాధానం చెప్పినప్పుడు వాళ్లు వరండాలో ఉన్నారన్నది చిన్న సాంకేతిక లోపం.

1992లో యునిసెఫ్ ప్రచురించిన వ్యాసంలో బాలల హక్కుల పరిశోధకుడు రోజర్ హార్ట్ పిల్లల భాగస్వామ్యాన్ని ఎనిమిది మెట్ల నిచ్చెనగా చూపించాడు. పిల్లలను తోలుబొమ్మల్లా ఆడించడం, అలంకరణకు నిలబెట్టడం, మొక్కుబడిగా మాట్లాడించడం అనే అడుగున ఉన్న మూడు మెట్లూ అసలు భాగస్వామ్యమే కాదన్నాడు. విద్యావేత్తలు ఈ సలహాను ఎంతో శ్రద్ధగా పాటించి, ఆ మూడు మెట్లకూ పాలరాయి పరిచి, మిగిలిన నిచ్చెనను అటకెక్కించారు.

సభ ఇంత సలక్షణంగా సాగుతుండగా తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె లేచి, చేతిలోని కాగితాన్ని మడిచి, ఆడపిల్లల మరుగుదొడ్డి తలుపుకు గడియ ఎప్పుడు పెట్టిస్తారని అడిగింది. ఆమెకు రాసిచ్చిన ప్రశ్న పర్యావరణం గురించి. ప్రధానమంత్రి తన కాగితం వదలలేదు. మొక్కలు నాటడమే ఈ సమస్యకు శాశ్వత పరిష్కారమని గంభీరంగా చదివాడు. పిల్లలు పగలబడి నవ్వారు. మైకు ఆగిపోయింది.

ఆపించింది ఎవరనుకున్నారు? వియత్నాం యుద్ధానికి నిరసనగా 1965లో చేతికి నల్లపట్టీ కట్టుకుని బడికి వెళ్లి సస్పెండైన 13 ఏళ్ల మేరీ బెత్ టింకర్ గురించీ, విద్యార్థుల హక్కులు బడి గేటు దగ్గర ఆగిపోవని 1969లో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు గురించీ ప్రారంభోపన్యాసంలో చెప్పి చప్పట్లు కొట్టించుకున్న ప్రధానోపాధ్యాయులవారే. హక్కులు గేటు దాటి లోపలికి వస్తాయి, నిజమే. వచ్చాక వాటిని కార్యాలయంలో జమ చేయాలి కాబోలు.

మధ్యాహ్నానికి ఆ అమ్మాయి చేత క్షమాపణ పత్రం రాయించారు. ‘భావప్రకటన’లో ఒత్తు మరిచిందని ఎర్రసిరాతో సున్నా చుట్టి, మళ్లీ రాయించారు. తనకు సంబంధించిన విషయాల్లో అభిప్రాయం చెప్పుకునే హక్కు బిడ్డకు ఉందని, ఆ అభిప్రాయానికి వయసునూ పరిణతినీ బట్టి విలువ ఇవ్వాలని 1989 నాటి బాలల హక్కుల ఒడంబడిక 12వ అధికరణం చెబుతోంది. తలుపుకు గడియ లేకపోవడం ఆ పిల్లకు సంబంధించిన విషయం కాకపోతే మరెవరికి సంబంధించినదయ్యా? బయట స్నేహితురాలు తలుపు పట్టుకుని కాపలా ఉంటే తప్ప లోపలికి వెళ్లలేని పిల్ల చేత, 1948 నాటి విశ్వ మానవ హక్కుల ప్రకటనలోని 30 అధికరణాలనూ వల్లె వేయించడానికి సిగ్గుండాలి. ఆ రోజు ఆ భవనంలో పౌరురాలంటూ ఉంటే ఆ అమ్మాయి ఒక్కతే. ఆమెను తప్పు చేసినదానిలా మూల నిలబెట్టి, వరుసకట్టి అలిగిన వాళ్లకు బహుమతి ఇమ్మని నా ముందు కాగితం పెట్టారు.

‘క్రమశిక్షణ గల ప్రతిపక్షం’ అన్న ఆ ప్రశంసాపత్రం మీద నేను సంతకం చేశాను. కలం మూస్తూ గడియ సంగతి ఎత్తితే, వచ్చే ఏడాది సభలో ఆ అంశానికి రెండు నిమిషాలు కేటాయిస్తామని, ప్రశ్న తామే రాసిస్తామని హామీ ఇచ్చారు.