మీసం తీసేస్తే మైనరే

మా పాపకు పోయినేడు విషజ్వరం వచ్చింది. తగ్గితే కొండకొచ్చి తలనీలాలు ఇస్తామని మా ఆవిడ మొక్కుకుంది. మొక్కు ఆమెది, తల నాది. మా ఇంట్లో పంపకాలన్నీ ఇట్లాగే ఉంటాయి.

కల్యాణకట్టలో టోకెను, బ్లేడు తీసుకొని కూర్చున్నాను. గుండు చేసేటాయన రెండు నిమిషాల్లో తల ముగించి, "మీసం కూడానా సామీ?" అన్నాడు. ఇరవై ఎనిమిదేళ్ల మీసం. ఏ పూనకంలో ఉన్నానో గానీ "కానీ సామీ" అనేశాను. కొండ దిగి కొర్లగుంటలో ఇంటి తలుపు కొడితే, మా అమ్మ వచ్చి తీసి, "ఎవరు కావాల నాయనా?" అంది. నాకు అప్పుడే అనుమానం రావాల్సింది.

పాప ఏడో తరగతి. ఫోన్లో ఏదో ఆట ఆడుతుంది. అందులో ఇళ్లు కడతారు, దుకాణాలు పెడతారు, ముక్కూ మొహం తెలియని వాళ్లతో కబుర్లు చెబుతారు. ఆ కబుర్లు చెప్పేది పిల్లలో, పిల్లల వేషంలో ఉన్న ముదురుగాళ్లో ఎవరికి తెలుసు? పేపర్లో ఏదో చదివి మా ఆవిడకు టెన్షన్ పట్టుకుంది. "మీరూ దాంట్లో చేరి ఓ కన్నేసి ఉంచండి" అంది.

చేరాను. కబుర్లు చెప్పాలంటే వయసు తేల్చాలన్నది ఆట. మొహం గుండ్రంలో పెట్టమంది, పెట్టాను. ఎడమకు తిప్పమంది, కుడికి తిప్పమంది. ట్యూబులైటు కింద గంధం పూసిన గుండు తళతళలాడుతోంది. ఫోను కాసేపు ఆలోచించి తీర్పు చెప్పింది: మీకు 16 ఏళ్ల లోపు. కబుర్లకు మీ అమ్మా నాన్నల అనుమతి కావాలి.

నాకు 46. రిటైర్మెంటుకు ఇంకా 16 ఏళ్లుంది. బహుశా అది చదివిందేమో.

"ఆధార్ ఫొటో పంపినా చాలంట కదండీ" అని మా ఆవిడ సలహా. పంపచ్చు. కానీ ఆ ఫొటోలో ఉన్నది నేనేనని నేనే ఒప్పుకోను. పైగా దానికి మీసముంది. అదీగాక 2025 అక్టోబరులో ఒక పెద్ద చాటింగ్ కంపెనీ దగ్గర, వయసు గొడవ తేల్చుకోవడానికి జనం పంపిన గుర్తింపు కార్డుల ఫొటోలు బయటికి పోయాయి. దాదాపు 70 వేల మందివి. పోయింది తమ దగ్గర కాదు, కాంట్రాక్టరు దగ్గర అన్నారు. మన రోడ్లు పాడైనా ఇదే మాట వింటాం.

మాంచెస్టర్‌లో ఉండే మా బావమరిదికి ఫోన్ చేసి చెప్పుకుంటే పడీపడీ నవ్వాడు. వాళ్లకు ఇది పాత కథ. బ్రిటన్‌లో ఆన్‌లైన్ భద్రత చట్టం 2023లో వచ్చింది. 2025 జూలై 25 నుంచి పెద్దల సైట్లు, పిల్లలకు చెరుపు చేసే సరుకున్న సైట్లు వయసు గట్టిగా తేల్చుకోవాల్సిందే. కంపెనీ మాట వినకపోతే కోటీ 80 లక్షల పౌండ్ల దాకా, లేదా ప్రపంచవ్యాప్త ఆదాయంలో పదో వంతు దాకా, ఏది ఎక్కువైతే అది జరిమానా. అయితే అమలైన వారం తిరక్కముందే, వేరే దేశంలో ఉన్నట్టు నటించే వీపీఎన్ యాప్‌లు అక్కడి డౌన్‌లోడ్‌లలో ముందు వరసకెక్కి కూర్చున్నాయి. చట్టం రద్దు చేయండని ఐదు లక్షల మందికి పైగా సంతకాలు పెట్టారు. ఆ ఉద్దేశం లేదని సర్కారు చెప్పేసింది.

"అదంతా ఎందుకు బావా, ఒకడు వీడియో గేములో బొమ్మ మొహం కెమెరాకు చూపించి పెద్దవాడని పాసైపోయాడు" అన్నాడు.

అంటే బొమ్మ మేజరు, నేను మైనరు.

పక్కింటి లాయరన్న గోడ మీదుగా ఇదంతా విన్నాడు. ఆయనకు ఒక పాయింటు దొరికితే చాలు, సాయంత్రం కాఫీ మన ఇంట్లోనే. "పిల్లల్ని కాపాడొద్దని ఎవరూ అనరు. ఆ మాట అడ్డం పెట్టి పెద్దోళ్లనందరినీ గేటు దగ్గర ఆపి జేబులు తడమడమే చిక్కు" అని మొదలుపెట్టి 66ఏ దగ్గరకొచ్చాడు. ఐటీ చట్టంలో ఆ సెక్షన్ ఉన్నన్నాళ్లు ఆన్‌లైన్లో ఎవరికైనా చిరాకు, అసౌకర్యం కలిగిస్తే కేసు పెట్టచ్చు. 2012లో ముంబై పక్కన పాల్‌ఘర్‌లో ఒకమ్మాయి బంద్ మీద నాలుగు మాటలు రాసింది, ఇంకో అమ్మాయి లైక్ కొట్టింది. ఇద్దర్నీ పట్టుకుపోయారు. 2015 మార్చి 24న సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌ను కొట్టేసింది. "చిరాకును ఏ తక్కెట్లో తూస్తావప్పా? చిరాకే నేరమైతే మా ఇంట్లో బయట మిగిలేది పిల్లి ఒక్కటే" అన్నాడు. నాకు ఆయన మాట నచ్చింది. కాఫీ మూడోసారి అడక్కపోతే ఇంకా నచ్చేది.

మనకూ ఒక చట్టముంది. 2023 నాటి డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్ల లోపు వాళ్ల వివరాలు వాడుకోవాలంటే కంపెనీలు తల్లిదండ్రుల అనుమతి తీసుకోవాలి, ఆ అనుమతి నిజమైందేనని తేల్చుకోవాలి. నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి, దీని అమలుకు 18 నెలల గడువు. ఈ చట్టం రాసినవాళ్లు ఒక్క సాయంత్రం మా ఇంటికొచ్చుంటే బాగుండేది. గ్యాస్ బుకింగుకు ఓటీపీ వస్తే పాప. కరెంటు బిల్లు పాప. మా అమ్మ పింఛను మెసేజ్ చదివి చెప్పేదీ పాపే. అంత వరకు ఎందుకు, నా ఫోన్ లాక్ నంబరు నేను మరిచిపోయినప్పుడు అడిగేదీ దాన్నే. రేపు అనుమతి ఇచ్చేది ఎవరో వేరే చెప్పాలా?

రేపటి దాకా కూడా ఆగలేదు. నా సంగతి తెలిసి పాప, "దానికేముంది నాన్నా, అవ్వ ఒప్పుకుంటే సరిపోతుంది" అంది. మా అమ్మకు 74. ఊరిమిండి నూరుకుంటా ఉన్న మనిషి పేరు మీద పాప ఒక ఈమెయిల్ తెరిచింది, పింఛను ఫోనుకు ఓటీపీ తెప్పించింది, "అవ్వా, నాన్న ఆడుకోవచ్చా?" అని అడిగింది. అవ్వ పొత్రం ఆపకుండా, "చదువుకున్నాడా?" అంది. చదువుకున్నానన్నాను. అనుమతి వచ్చింది.

ఆటలోకి పోయాను. ఒక గులాబీ ఇంటి ముందు మా పాప బొమ్మ నిలబడుంది. ఎదురుగా నేను, జుట్టున్న బొమ్మగా. ఆ ఒక్క సుఖమూ అక్కడే. తండ్రి హోదాలో మొదటి మాట రాశాను: "8 గంటలకు అన్నానికి రా." పిల్లల లెక్కలో ఉన్నవాళ్లు అంకెలు రాయకూడదట, ఫోన్ నంబర్లు ఇచ్చిపుచ్చుకుంటారని. వాక్యం మొత్తం గళ్లు గళ్లుగా మారిపోయింది. అంకె తీసి మళ్లీ రాశాను. ఇంగ్లీషు అక్షరాల్లో నేను రాసిన తెలుగు దానికి ఏ బూతులా వినబడిందో, మళ్లీ గళ్లే. మూడోసారికి హెచ్చరిక వచ్చింది: మర్యాదగా మాట్లాడండి.

కంచాలు పెట్టే చప్పుడు వినబడి పాప తనంతట తానే వచ్చింది.

సరిగ్గా తొమ్మిదింటికి తెర నల్లబడింది. మీ పెద్దలు పెట్టిన సమయం ముగిసింది, రేపు రండి అని రాసుంది. రోజుకు 45 నిమిషాలట. లోపలి గదిలో పాప ఇంకా ఆడుతూనే ఉంది, కిసకిస నవ్వుతోంది.

"ఎవరితో పాపా, ఈ వేళప్పుడు?" అని కేకేశాను.

"టైమెక్కువ కావాలంటే అవ్వనడుగు నాన్నా!"

అవ్వ అప్పటికే గురక పెడుతోంది.